గంట, పంక్తి, సర్టిఫికేటు: గోదావరి డెల్టా క్రైస్తవ కళాశాలల్లో దళిత విద్యార్థి దినచర్య

గోదావరి జిల్లాల్లో మిషన్ చదువు మీద ఇంతవరకు వచ్చిన రాతల్లో దొరల పేర్లున్నాయి. వాళ్లు ఓడ దిగిన సంవత్సరాలున్నాయి. కట్టిన భవనాల లెక్కలున్నాయి. ఆ భవనాల్లో పడుకుని లేచినవాళ్లు మాత్రం లేరు. పొద్దున్నే వాళ్లని ఎవరు లేపారు, ఏం తిన్నారు, ఎవరి పక్కన కూర్చుని తిన్నారు, సెలవులకి ఇంటికెళ్తే ఊరు వాళ్లని ఏమని పిలిచింది అనేవి చరిత్ర కిందకి రావనుకున్నారు. మిషన్ చరిత్రకారులకి ఇవి చిల్లర విషయాలు. అగ్రకుల చరిత్రకారులకైతే ఆ కాంపౌండు గోడ లోపల జరిగిందంతా 'మతమార్పిడి' అనే ఒక్క మాటతో అయిపోయింది. దళితుడి చదువు చరిత్ర కావాలంటే ఆ గోడ లోపలి రోజువారీ బతుకు చూడక తప్పదు. ఈ వ్యాసంలో ఆ పని కొంత చేస్తున్నాం.

క్రైస్తవ కాలేజీ అనగానే చదువుకున్నవాళ్లకి గుంటూరు ఏ.సి. కాలేజీయో, బందరు నోబుల్ కాలేజీయో గుర్తొస్తాయి. అవి పెద్ద సంస్థలు. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో బడి పెట్టిందే అగ్రకులాల పిల్లల కోసం. పై కులాలు మారితే కింది కులాలు వాటంతటవే మారతాయని అప్పటి దొరల లెక్క. ఆ లెక్క తప్పింది. సంఘాలు నిండింది మాల మాదిగ పల్లెల నుంచి. మేము మాట్లాడబోయేది ఆ పల్లెల పిల్లలు చదివిన చిన్న కాలేజీల గురించి. అంటే పంతుళ్లనీ ఉపదేశకులనీ పాస్టర్లనీ తయారుచెయ్యడానికి పెట్టినవాటి గురించి. రాజమండ్రిలో లూథర్‌గిరి, కాకినాడలో బాప్టిస్టు సెమినరీ అలాంటివి. విద్యార్థులు పదుల్లో ఉండేవాళ్లు. అందరూ ఒకే కాంపౌండులో ఉండేవాళ్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండేది కాదు.

ముందు వీటి పుట్టుక సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1836లో ఇండియాకి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు బ్రదరన్ మిషనరీలు నర్సాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. వాళ్ల వెనక ఏ పెద్ద సొసైటీ లేదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. కాటన్ ఆనకట్ట కట్టాడని చెప్పుకుంటాం గానీ మట్టి మోసింది కూలి జనం. ఆ ఆనకట్ట నీళ్లతో డెల్టా భూములు పండాయి. భూమి ఉన్నవాడు మోతుబరి అయ్యాడు. భూమి లేనివాడు అదే నీళ్లలో నడుం వంచి ఊడ్చాడు. సువార్త ఆ ఊడ్చేవాడి దగ్గరికి వచ్చింది. 1840లలో జర్మన్ మిషనరీలు రాజమండ్రి వచ్చారు. తర్వాత అది అమెరికన్ లూథరన్ల చేతికి పోయింది. మనుషులూ డబ్బూ చాలక 1869లో రాజమండ్రి పనిని వేరే మిషన్‌కి అప్పగించేద్దామనుకున్నారు. అప్పుడు డెబ్బై ఆరేళ్ల వయసులో హయ్యర్ అమెరికా నుంచి మళ్లీ వచ్చి దాన్ని నిలబెట్టాడు. కాకినాడ కథ వేరు. అక్కడ పని మొదలుపెట్టినవాడు దొర కాదు. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు. కెనడా బాప్టిస్టులు ఆయన పిలిస్తేనే వచ్చారు. 1874లో మెక్లారిన్ కాకినాడలో దిగాడు. 1882లో సామర్లకోటలో సెమినరీ పెట్టాడు. తర్వాత అది కాకినాడకి మారింది. కాకినాడలో మెక్లారిన్ పేరుతో హైస్కూలుంది. గాబ్రియేల్ పేరు మాత్రం ఎంతమందికి తెలుసు?

1964లో నాలుగు సెమినరీలు కలిశాయి. రాజమండ్రి లూథరన్ కాలేజీ, కాకినాడ బాప్టిస్టు సెమినరీ, రామాయపట్నం బాప్టిస్టు సెమినరీ, డోర్నకల్ సెమినరీ కలిసి ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ అయ్యాయి. చోటు లూథర్‌గిరి. 1970ల మొదట్లో అది హైదరాబాదుకి పోయేదాకా లూథరన్లూ బాప్టిస్టులూ దక్షిణ ఇండియా సంఘం వాళ్లూ గోదావరి ఒడ్డున ఒకే కాంపౌండులో కలిసి చదివారు. ఆ రోజుల్లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డు వంతెన లేదు. అది 1974లో వచ్చింది. కొవ్వూరు వైపు పల్లెల నుంచి వచ్చేవాడు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని రైలెక్కాలి, లేదా పడవ దాటాలి.

గంట

మిషన్ హాస్టల్లో చదివినవాళ్లెవరిని కదిపినా ముందు గంట గురించే చెబుతారు. మాలో కొందరం అలాంటి హాస్టళ్లలోనే చదువుకున్నాం. లేవడానికి గంట, ప్రార్థనకి గంట, గంజికి గంట, క్లాసుకి గంట, చదువుకి గంట, దీపాలు ఆర్పడానికి గంట. చాలాచోట్ల అది అసలు గంట కూడా కాదు. చెట్టుకి వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టడానికి వంతులుండేవి. కొట్టేవాడికి తోటివాళ్ల తిట్లు రోజూ ఉండేవి.

ఈ గంటని బయటి చదువరి ఒక క్రమశిక్షణగా చూస్తాడు. ఈ మధ్య పరిశోధనల్లోనైతే 'వలస పాలన కాలనియంత్రణ' అని పెద్ద మాట అంటున్నారు. అది నిజం కాదని మేము అనడం లేదు. కానీ పల్లె పిల్లవాడికి గంట రాకముందు పొద్దు ఎలా తెల్లవారిందో అడగాలి గదా! డెల్టాలో పాలేరు కొడుక్కి పొద్దు రైతు కేకతో తెల్లవారేది. కోడి కూతకి ముందే 'ఒరేయ్' అని వీధి చివర నుంచి పిలుపు. పేడ ఎత్తాలి, దూడల్ని విప్పాలి, కుడితి పెట్టాలి. ఆ పిలుపులో కులం ఉంది, తండ్రి అప్పు ఉంది, రాత్రికి కూడుంటుందో లేదో అన్న భయం ఉంది. గంట ఎవర్నీ 'ఒరేయ్' అనదు. దాని ముందు అందరూ ఒకటే. అది కొట్టాక చేసే పని తన పని. పుస్తకం పట్టుకోవడం, మొహం కడుక్కోవడం, దుప్పటి మడతపెట్టడం లాంటివి. ఇంకొకరి కొట్టం కడగడం కాదు. దొరల లెక్కలో గంట క్రమశిక్షణ. పల్లె పిల్లాడి లెక్కలో అది రైతు కేక వినబడని మొదటి పొద్దు. రెండు లెక్కలూ నిజమే.

అయితే ఆ గంట మరీ తియ్యగా ఏమీ లేదు. ఆలస్యమైతే గంజి లేదు. ప్రార్థనకి రాకపోతే వార్డెను ముందు నిలబడాలి. హాస్టలు ఊడవడం, తోట తవ్వడం, బావి నుంచి నీళ్లు చేదడం విద్యార్థుల వంతు. చేతిపని నేర్చుకోవాలని మిషనరీలు చెప్పేవాళ్లు. పల్లెలో నీళ్లు మోసి మోసి వచ్చిన పిల్లాడికి చేతిపని గొప్పతనం ఎవరు నేర్పాలి? బ్రాహ్మణుడి కొడుక్కి నేర్పితే అర్థముంది. ఈ చిన్న తిరకాసుని మిషన్ విద్య చివరిదాకా విప్పుకోలేదు.

పంక్తి

అన్నం దగ్గర అసలు కథ ఉంది. డెల్టాలో కులం ముందుగా తెలిసేది కంచం దగ్గర, బావి దగ్గర. హోటల్లో వేరే గ్లాసు, రైతు ఇంటి వెనక చేతుల్లో పోసే మజ్జిగ, పెళ్లిలో అందరి తర్వాత చూరు కింద వడ్డన. ఇవన్నీ చూసి వచ్చిన పిల్లవాడు హాస్టల్లో మొదటి రోజు పంక్తిలో కూర్చుంటాడు. ఒకే గరిటె. అన్నం, పప్పుచారు, ఆదివారం ఎండుచేపల పులుసు. పక్కన ఎవరు కూర్చున్నారో వడ్డించేవాడు చూడడు. చదువు కంటే ముందు ఈ పంక్తి చాలామందికి పాఠం చెప్పింది. డిగ్రీలు మర్చిపోయినవాళ్లున్నారు గానీ ఈ పంక్తి మర్చిపోయినవాళ్లని మేము చూడలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అంటరానివాళ్లంతా ఒక్క పంక్తిలో కూర్చున్నంత మాత్రాన మాల మాదిగ తేడా పోలేదు. గుంటూరు, గోదావరి లూథరన్లలో మాలలు ఎక్కువ. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఒక ఊళ్లో మాలపల్లె ఒక మిషన్‌లో చేరితే మాదిగపల్లె ఇంకో మిషన్‌కి వెళ్లడం మామూలు. ఒకే మిషన్‌లో ఉన్నా రెండు పల్లెల్లో రెండు చర్చీలు. కాబట్టి 1964లో నాలుగు సెమినరీలు కలవడం పైకి మిషన్ల ఐక్యత. కింద చూస్తే వేర్వేరు పల్లెల పిల్లలు ఒక గదిలో పడుకోవడం, ఒక బకెట్టు వాడుకోవడం. ఎవరితో ఎవరు కలిసి తిరిగారు, ఎన్నికల్లో ఎవరికి ఓటేశారు, పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి ఎవరు వెనక్కి తగ్గారు అనేవి ఆ కాలం పాత విద్యార్థులు మొహమాటపడుతూ చెప్పే సంగతులు. హాస్టలు పంక్తి కంచం దగ్గర గెలిచింది. పెళ్లి దగ్గర ఆగిపోయింది.

గొడ్డు మాంసం సంగతి కూడా అలాంటిదే. పల్లెలో పండగంటే అదే. మాకు తెలిసిన హాస్టళ్ల మెస్సుల్లో దాన్ని వండేవాళ్లు కాదు. దొరలు తింటారు, వాళ్ల బంగళాల్లో వండుతారు. కానీ 'మర్యాద'గల క్రైస్తవుడిగా తయారయ్యే విద్యార్థి దాని మాట ఎత్తకూడదు. పక్కనున్న సవర్ణ ఊరు ఏమనుకుంటుందోనన్న భయం మెస్సు కూరలో కూడా ఉంది. సెలవుల్లో ఇంటికెళ్లి కడుపునిండా తిని తిరిగొచ్చిన పిల్లలు ఆ సంగతి గుసగుసలాడుకునేవాళ్లు.

ఈ అన్నం ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికా, కెనడా డబ్బు కొంత. కానీ అదొక్కటే కాదు. ఆంధ్ర సంఘాల్లో 'పిడికెడు బియ్యం' అనే ఆచారముంది. వంట వండేటప్పుడు ఇల్లాలు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోతుంది. కోతలయ్యాక కోతపండగ. సొరకాయ, కోడిపెట్ట, కొబ్బరికాయ, బియ్యం మూట చర్చిలో వేలం వేస్తారు. ఆ డబ్బులో సంఘ పోషణ ఉంది, పాస్టరు జీతముంది, పైనున్న సంస్థలకి వెళ్లే వంతూ ఉంది. కూలికెళ్తే గింజ దొరికే ఇంట్లో ఒక పిడికెడు తక్కువ వండుకున్న ఆడమనిషి ఈ కాలేజీల అసలు దాత. దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలకల మీద ఆమె పేరు లేదు.

బైబిల్ తెలుగు

కాలేజీలో చదువు ఏ భాషలో? ఇది మామూలు ప్రశ్న కాదు. పై తరగతులు ఇంగ్లీషులో. వేదాంత డిగ్రీలు శ్రీరాంపూర్ సెనేటువి. 1827 నాటి డెన్మార్కు రాజు చార్టరు, 1918 నాటి చట్టం వాటికి ఆధారం. పరీక్ష పేపరు బెంగాల్ పక్క నుంచి వస్తుంది, సమాధానం గోదావరి ఒడ్డున రాస్తారు. గ్రీకు నేర్చుకోవాలి, కొందరు హీబ్రూ కూడా. తాతకి తెలుగు అక్షరం ముట్టుకునే హక్కు లేదు. మనవడు ఆల్ఫా, బీటా వల్లెవేస్తున్నాడు. సంస్కృతం మాకొద్దన్న పంతులు ఊళ్లోనే ఉన్నాడు. ఆయనకి తెలియని రెండు దేవభాషలు మాలపల్లె పిల్లాడికి వచ్చాయి. ఇందులో ఉన్న వెటకారాన్ని ఆ రోజుల్లో విద్యార్థులు బాగానే అనుభవించారు.

తెలుగు మాత్రం చిక్కు పెట్టింది. శ్రీరాంపూర్ నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. తర్వాత వచ్చిన అనువాదాలతో ఒక ప్రత్యేకమైన తెలుగు తయారైంది. అది గ్రాంథికం కాదు, వాడుక కాదు. 'చేయుము', 'గాక', 'నిశ్చయముగా', 'యేలయనగా' లాంటి మాటలతో నడిచే బైబిల్ తెలుగు. పల్లెలో చదువురాని ముసలమ్మ కూడా ప్రార్థనలో ఆ తెలుగే మాట్లాడుతుంది. పండితులు దీన్ని 'కిరస్తానీ తెలుగు' అని ఎగతాళి చేశారు. కానీ చూడండి, వేదం వినకూడదన్న జనం తమకంటూ ఒక గ్రంథభాష సంపాదించుకున్నారు. దాన్ని పొలం గట్టు మీద, కళ్లంలో మాట్లాడారు. విద్యార్థికి వచ్చిన చిక్కేమిటంటే, ఈ భాషలో దేవుడితో మాట్లాడగలడు, రైతుతో గొడవ పడలేడు. కూలి రేట్ల మీద ప్రసంగం చెయ్యాలంటే బైబిల్ తెలుగు నోరు తిరగదు. ఇంట్లో భాష కావాలి. ఆ ఇంటి భాషకి క్లాసులో మార్కులు లేవు.

పాట వేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ప్రతి ట్రంకు పెట్టెలోనూ ఉండేది. అందులో పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఎన్నో. ఆయన బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన క్రైస్తవుడు. ఆ కీర్తనలకి రాగం, తాళం పైన రాసి ఉంటాయి. కచేరీ గుమ్మం తొక్కనివ్వని జనం రోజూ పొద్దున్నే చాపెల్లో ఆ రాగాలు పాడారు. రాత్రి హాస్టలు మెట్ల మీద డప్పు లేకుండా పల్లెపదం కూడా పాడుకున్నారు. చాపెల్లో డప్పు రానివ్వలేదు. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది. మన వాయిద్యానికి మన కాలేజీలో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది.

ఆదివారం అయ్యగారు

వారం అంతా విద్యార్థి, ఆదివారం బోధకుడు. ప్రాక్టికల్ వర్కు పేరుతో విద్యార్థుల్ని చుట్టుపక్కల పల్లెలకి పంపేవాళ్లు. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, చంకలో బైబిలు, అద్దె సైకిలు. కాలవగట్టు మీద పది పన్నెండు మైళ్లు. పల్లె చేరేసరికి ఇరవై రెండేళ్ల కుర్రాడు 'అయ్యగారు' అయిపోతాడు. తాత వయసువాళ్లు లేచి నిలబడతారు. 'అయ్యగారండీ, మావాడికి జొరం, కాస్త ప్రార్థన చెయ్యండి' అని ముసలమ్మ చేతులు కట్టుకుంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క గుడ్డూ ఆ పూట అయ్యగారి కంచంలోకే.

తిరిగొచ్చేటప్పుడు ఊరి మధ్య నుంచి రావాలి. అరుగు మీద రైతు గుర్తుపడతాడు. 'ఏరా, నువ్వు ఫలానా వాడి కొడుకువి కదూ? ఊడుపులకి రావట్లేదేం?' అంటాడు. సైకిలు దిగాలా, దిగకుండా పోవాలా? అరగంట కింద అయ్యగారు, ఇప్పుడు ఏరా. దిగినవాళ్లున్నారు. దిగకుండా వెళ్లి, ఆ సాయంత్రమే తండ్రికి కబురొచ్చి చీవాట్లు తిన్నవాళ్లున్నారు. ఆత్మగౌరవమనే మాట పుస్తకాల్లో తర్వాత వచ్చింది. ఈ కుర్రాళ్లకి అది సైకిలు మీద ముందే ఎదురైంది.

ఈ ఆదివారం బోధన చేసిన మేలూ కీడూ రెండూ చెప్పుకోవాలి. మేలేమిటంటే పల్లె తన పిల్లవాణ్ణి తనే గౌరవించడం నేర్చింది. జనం ముందు నిలబడి గంటసేపు మాట్లాడే అలవాటు దళితులకి ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఎక్కువభాగం చర్చిలోంచే వచ్చింది. తర్వాత యూనియన్లలో, దళిత ఉద్యమాల్లో మైకు పట్టుకున్నవాళ్లలో పాస్టర్ల పిల్లలు ఎంతమందో లెక్క తియ్యాల్సిన సంగతి. కీడేమిటంటే, పల్లె పెట్టిన గౌరవం కొంతమందిని పల్లె నుంచి దూరం చేసింది. మా అయ్యగారు అనిపించుకున్నవాడికి దొరగారి పోకడ అబ్బింది.

ఆ దొరతనాన్ని ఎదిరించినవాళ్లూ అక్కడివాళ్లే. రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు లూథరన్ సంస్థల్లో పనిచేసి 1938లో బయటకొచ్చి బైబిల్ మిషన్ పెట్టారు. విదేశీ డబ్బు, విదేశీ బోర్డు లేకుండా తెలుగు సంఘం నిలబడగలదని దాన్ని చూశాకే చాలామంది నమ్మారు. అదే రాజమండ్రిలో చర్చి బయట కుసుమ ధర్మన్న 1921లోనే నల్లదొరతనం మాకొద్దని రాశాడు. లోపల బైబిల్ చదువుకునే పిల్లలకీ బయట ధర్మన్న 'జయభేరి'కీ మధ్య ఎంత రాకపోకలున్నాయో వెతకాల్సిన పనుంది.

భార్యలు

పెళ్లయిన విద్యార్థులు భార్యాపిల్లలతో వచ్చేవాళ్లు. కాంపౌండులో చిన్న చిన్న క్వార్టర్లు. ఆ భార్యలకి కూడా తరగతులుండేవి. చదవడం, రాయడం, కుట్టు, బైబిలు, పిల్లల పెంపకం. పెళ్లికాని అమ్మాయిలకి రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ బైబిల్ ట్రైనింగు స్కూలుంది. అక్కడ చదివి 'బైబిల్ ఉమన్' అయినవాళ్లు ఇంటింటికీ తిరిగారు. పురుషుడు పాస్టరై బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె అంతకంటే ఎక్కువ మైళ్లు నడిచి తక్కువ జీతం తీసుకుంది. కూలికి పోకుండా నీడపట్టున కూర్చుని పలక పట్టుకున్న మొదటి దళిత స్త్రీలు వీళ్లే అని చెప్పొచ్చు. వీళ్ల దినచర్య మీద ఒక విడి వ్యాసం రావాలి. ఇక్కడ ఒక పేరాతో సరిపెడుతున్నందుకు మాకే బాగాలేదు.

సర్టిఫికేటు

ఇక అసలు ముడి దగ్గరికి వస్తున్నాం. కాలేజీలో చేరేటప్పుడు రెండు కాగితాలు కావాలి. ఒకటి పాస్టరు ఇచ్చే బాప్తిస్మపు సర్టిఫికేటు, సంఘం సిఫారసు. రెండోది బడి నుంచి తెచ్చుకునే రికార్డు. చాలామందికి ఈ రెండింటిలో రెండు పేర్లు. ఒకదానిలో ఏసుదాసు, రెండోదానిలో వెంకటేశు. ఒకదానిలో క్రైస్తవుడు, రెండోదానిలో హిందూ మాల లేదా హిందూ మాదిగ. బయటివాళ్లు దీన్ని మోసమంటారు. ఈ మోసం ఎవరు నేర్పారో చూద్దాం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో, హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని రాశారు. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో 1970లో వెనకబడిన కులాల జాబితా వేసినప్పుడు క్రైస్తవం తీసుకున్న దళితుల్ని, వాళ్ల సంతతిని బి.సి. 'సి' గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు. కోస్తా జిల్లాల పల్లెపల్లెకీ చర్చి ఉన్న చోట ఒక శాతం! 1977లో జీవో 341 ద్వారా స్కాలర్‌షిప్పుల వంటి కొన్ని సదుపాయాలు దళిత క్రైస్తవులకి కూడా వర్తింపజేశారు. రాజ్యాంగం ఇచ్చే సీటు, ఉద్యోగం, రక్షణ మాత్రం అందులో లేవు.

దీని అర్థం విద్యార్థి బతుకులో ఎలా ఉంటుందో చూడండి. అన్నదమ్ములిద్దరు. పెద్దవాడు రికార్డులో హిందువుగా ఉండి ఆర్ట్స్ కాలేజీలో చేరాడు, స్కాలర్‌షిప్పు వచ్చింది, తర్వాత గవర్నమెంటు ఉద్యోగం. చిన్నవాడు వేదాంత కాలేజీకి వెళ్లాడు. అక్కడ చేరడమే క్రైస్తవుణ్ణని బహిరంగంగా చెప్పుకోవడం. ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టారు, ఒకే చర్చిలో పాడారు, ఊళ్లో ఒకే గ్లాసులో టీ తాగారు. కాగితం మీద ఒకడు ఎస్సీ, ఒకడు బీసీ. పాస్టరయినవాడి పిల్లలకి ఆ చిక్కు వారసత్వంగా వస్తుంది. అందుకే చురుకైన పిల్లల్ని వేదాంతానికి పంపడానికి తల్లిదండ్రులు జంకారు. పంపిన తల్లిదండ్రులు పిల్లాడి రికార్డు జోలికి పోకుండా జాగ్రత్తపడ్డారు. పైగా శ్రీరాంపూర్ డిగ్రీ చర్చి బయట ఉద్యోగానికి అంతగా పనికిరాదు. చర్చి లోపలేమో జీతం చాలదు.

1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారిన తర్వాత కూడా అదే రకమైన అణచివేత ఉందని రుజువు కావాలంది. రుజువు ఎవరికి కావాలి? అదే సంవత్సరం జులై 17న కారంచేడులో మాదిగల్ని నరికినప్పుడు వాళ్లలో ఎక్కువమంది చర్చికి వెళ్లేవాళ్లే. బతికినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరు తర్వాత బాధితులు చేరింది తెనాలి సాల్వేషన్ ఆర్మీ కాంపౌండుకి. కత్తి పట్టుకున్నవాడు బాప్తిస్మపు సర్టిఫికేటు అడగలేదు. సర్కారు మాత్రం అడుగుతోంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమంది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే విషయం మీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు గుంటూరు జిల్లా పాస్టరు ఒకాయన కేసులో, పాస్టరుగా పనిచేస్తున్న మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడంది. లూథర్‌గిరిలో చదివి పల్లెకి వెళ్లిన ప్రతి అయ్యగారికీ వర్తించే మాట ఇది. సైకిలు దిగమన్నవాడి మీద కేసు పెట్టాలంటే ముందు అయ్యగారితనం వదులుకోవాలన్నమాట.

తర్వాత

కాలేజీ హైదరాబాదు వెళ్లాక రాజమండ్రిలో గొడవ తగ్గింది. కాకినాడ బాప్టిస్టు సెమినరీ మళ్లీ తన గడప తెరుచుకుంది. 1980లలో దేశంలో దళిత వేదాంతం అన్న మాట వచ్చింది. అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు దాన్ని బెంగుళూరు, మద్రాసు కాలేజీల్లో నిలబెట్టారు. కానీ ఆ ఆలోచనకి ముడిసరుకు తెలుగు హాస్టలు పంక్తుల్లో, ఆదివారం సైకిలు ప్రయాణాల్లో ముందే ఉంది. శివసాగర్‌గా మనకి తెలిసిన కె.జి. సత్యమూర్తి గుంటూరు ఏ.సి. కాలేజీలో పడ్డ పేదరికాన్ని, ఆయన మేనకోడలు, కాకినాడలో పెరిగిన గిడ్ల సుజాత 2017లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం చెప్పింది. చదువుకున్నవాళ్లు చాలామంది అది చదివి ఆశ్చర్యపోయారు. మిషన్ హాస్టళ్లలో చదివినవాళ్లు ఆశ్చర్యపోలేదు.

ఇప్పుడు మాకు కావలసింది కాగితాలు. మెస్సు ఖాతా పుస్తకాలు, హాజరు పట్టీలు, సంఘాలు రాసిన సిఫారసు ఉత్తరాలు, ప్రాక్టికల్ వర్కు రిపోర్టులు. వీటిలో చాలావరకు చెదలు తిన్నాయి. మిగిలినవి పాత విద్యార్థుల ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. గ్రూపు ఫొటోలు కూడా ఉంటాయి. కుర్చీల్లో దొరలూ మాస్టర్లూ, వెనక నిలబడ్డ విద్యార్థులు, కింద చాప మీద కూర్చున్న మొదటి సంవత్సరం వాళ్లు. కుర్చీల్లో ఉన్నవాళ్ల పేర్లు ఎప్పుడూ అచ్చయి ఉంటాయి. మీ ఇంట్లో అలాంటి ఫొటో ఉంటే దాని వెనక, గుర్తున్నంతవరకు, మిగతావాళ్ల పేర్లు రాసి మాకు నకలు పంపండి. ఊరి పేరు, పల్లె పేరు, రికార్డులో పేరు, చర్చిలో పేరు, రెండూ రాయండి. ఒక చివర తలపాగాతో నిలబడి ఉండే వంటమనిషి పేరు, గుర్తుంటే, అది కూడా.